నీళ్ళు పోతయి, బురద ఉంటది

(భీమ్‌గల్ వాడల కూడికలో మా బృందం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

బీడీల చాటలు పక్కన పెట్టి వచ్చిన అక్కలకు, పసుపు చేన్ల పని విడిచి వచ్చిన అన్నలకు, వాడ పెద్దలకు, పిల్లలకు జై భీమ్.

కూలి రేట్ల గురించో, అసైన్డ్ భూముల గురించో మాట్లాడుతరని మీరు వచ్చి ఉంటరు. మేము ఇవాళ బురద గురించి మాట్లాడతం. వాగు అడుగున, చెరువు అడుగున, ప్రాజెక్టు అడుగున పేరుకుపోయే మెత్తటి మట్టి గురించి. నవ్వకండి. ఈ ఊళ్ళల్ల బురదలో ఎక్కువ సేపు నిలబడేది ఎవరు? నాట్లేసే ఆడవాళ్ళు ఎవరు? పూడిక తీసే కూలీలు ఎవరు? తూము మూసుకుపోతే లోపలికి దిగి చేతులతో తోడిన నీరటి ఎవరు? చాలా ఊళ్ళల్ల ఆ నీరటి పనిని మాల, మాదిగ ఇండ్లకే తరతరాలుగా అంటగట్టినరు. కాబట్టి బురద మన ముచ్చటే.

మేము ఒకసారి వాగుల నీళ్ళు, చెరువుల నీళ్ళు సీసాల్ల పట్టుకొని ఒక ఆఫీసుకు పోయినం. నాలుగు సార్లు తిప్పించుకొని చివరికి ఒక కాగితం ఇచ్చినరు. నీళ్ళు హద్దుల్లోనే ఉన్నయని అందులో ఉంది. మాతో వచ్చిన ఒక అవ్వ అడిగింది: "సారూ, మేం దిగేది బురదల గద, బురద చూడరా?" ఆ సారు నవ్విండు. "నీళ్ళకు లిమిట్ ఉందమ్మా, బురదకు లిమిట్ లేదు" అన్నడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. తాగే నీళ్ళల్లో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటొద్దని, పాషాణం కూడా అంతే దాటొద్దని, కాడ్మియం 0.003 దాటొద్దని మన దేశంలో ప్రమాణం రాసుకున్నారు. నది అడుగు మట్టికి అట్లాంటి గీత గీయలేదు. కెనడా, నెదర్లాండ్స్ వంటి దేశాలు అడుగు మట్టికి కూడా హద్దులు రాసుకున్నాయి. ఇక్కడ మాత్రం నీళ్ళు తాగేవాని కోసం ఒక అంకె ఉంది, బురదలో బతికేవాని కోసం అంకె లేదు. "లిమిట్ లేదు" అనే మాటకు రెండు అర్థాలు ఉన్నయని ఆ సారుకు తట్టలేదు.

బురదే ఎందుకు చూడాలె? చేతికి ఇసుక అంటితే దులిపితే పోతది. మెత్తటి రేగడి అంటితే కడిగినా గోటి సందుల్ల ఉంటది. సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం, పాషాణం - వీటికి కూడా ఆ మెత్తటి మట్టే ఇష్టం. కార్ఖానా మురుగులో కరిగి వచ్చిన లోహం కొంత దూరం పోయేసరికి సన్నటి బంకమట్టి రేణువులకు, మట్టిలోని ఇనుప తుప్పుకు, కుళ్ళిన ఆకు అలానికి అంటుకొని అడుగుకు దిగుతది. పైన నీళ్ళు తేటగా కనబడతయి. సీసాలో పట్టి పరీక్ష చేస్తే పాస్ అయితయి. సరుకంతా కిందనే ఉంటది. ఇంకొక సంగతి. చచ్చిన గొడ్డు కుళ్ళుతది, చక్కెర మురుగు కంపు కొట్టి కొట్టి కొన్నాళ్ళకు మట్టిలో కలుస్తది. సీసం కుళ్ళదు. వందేండ్లయినా అది సీసమే.

లోహమంటే మనకు కొత్తేం కాదు. పక్కనే కోనసముద్రం ఉంది. మూసల్లో ఉక్కు కరిగించి పోసిన ఊరు. ఆ ఉక్కును కత్తులకోసం పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కపోయినరు. ఆ కొలుముల చిట్టెం వల్ల ఎవరూ చచ్చిన దాఖలా లేదు, ఇనుము మన ఒంటికి కావలసిన వస్తువే. అట్లనే మన తాతల లందలు. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం. వాసనకు ఊరు ముక్కు మూసుకుంది, మనల్ని అవతలికి నెట్టింది. కాని ఆ లంద నీళ్ళల్లో క్రోమియం లేదు. తోలును గంటల్లో ఊనబెట్టే క్రోమియం ఉప్పు కార్ఖానాలతో వచ్చింది. తమిళనాడులో పాలారు ఒడ్డున తోలు కార్ఖానాలు వందలాదిగా లేచినయి. 1996లో సుప్రీంకోర్టు వాటి మీద తీర్పు చెప్పింది, ఖరాబు చేసినవాడే ఖర్చు భరించాలని. అక్కడే రాణిపేటలో ఒక క్రోమేట్ కార్ఖానా మూతబడుతూ లక్ష టన్నులకు పైగా క్రోమియం చెత్తను కుప్పబోసి పోయింది. వానకు అది పచ్చగా కారుతుంటది. మనం తోలు ముట్టుకుంటే మైల. వాళ్ళు నదిని క్రోమియంతో నింపితే పరిశ్రమ.

మైల మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకొని తాగిండు. మనవాళ్ళు తాగిన చెరువు మైలపడ్డదని సవర్ణులు తరువాత అందులో పేడ, మూత్రం కుండలతో కుమ్మరించి "శుద్ధి" చేసిండ్రు. ఏది మురికి, ఏది శుద్ధం అనే లెక్క ఈ దేశంలో ఎన్నడూ పరీక్షనాళికతో తేల్చలేదు.

ఇక మన నది దగ్గరికి వద్దాం.

మంజీర భీమ్‌గల్ మీదుగా పారదు, మీకు తెలుసు. మన కప్పలవాగు, పెద్దవాగు వేరే. కాని అన్నీ గోదావరిలోనే కలుస్తయి. గోదావరి శ్రీరాంసాగర్‌లో నిలుస్తది, అక్కడి నుంచి కాలువలు, వరద కాలువ మన పక్క మండలాల గుండా పోతయి. మిషన్ భగీరథ పైపుల్లో జిల్లాకు వచ్చే నీళ్ళు కూడా శ్రీరాంసాగర్, సింగూరులవే. పైన ఏం కలుస్తదో కింద ఉన్నోళ్ళకు తెలియాలె.

మంజీర మరాఠ్వాడా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ దాటి సంగారెడ్డి వైపు వచ్చి, అక్కడ ఉత్తరానికి మళ్ళి మన దిక్కు వస్తది. ఆ మలుపు దగ్గర నక్కవాగు దాంట్లో కలుస్తది. నక్కవాగు పటాన్‌చెరు నుంచి వస్తది. 1970ల నడుమ పటాన్‌చెరులో పారిశ్రామికవాడ పెట్టిండ్రు. వెనుకబడ్డ ప్రాంతం బాగుపడతదని చెప్పిండ్రు. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చినయి. పదేండ్లు తిరగకముందే పోచారం, బచ్చుగూడెం, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ళల్ల బావులు రంగు మారినయి, వాగు నీళ్ళు తాగిన గొడ్లు పడిపోయినయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటి వాళ్ళు ఆ ఊళ్ళవాళ్ళను కూడగట్టి రోడ్ల మీదికి తెచ్చిండ్రు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి తిరిగి 2017లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. ఇరవై ఏడేండ్లు. కేసు వేసిన నాడు పుట్టిన పిల్లకు పెండ్లయి పిల్లలు పుట్టేంత కాలం.

అక్కడి మట్టిని చూసినవాళ్ళు ఉన్నరు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు నేలల మీద చేసిన పరిశీలన 2001లో అచ్చయింది. క్రోమియం, నికెల్, సీసం, రాగి, జింకు, పాషాణం ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉన్నయని తేల్చిండ్రు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్ళల్లో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపించిండ్రు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి చేసినంక వదిలిన నీళ్ళ సంగతి ఇది! కింది వాగుల బురదలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగినయని తరువాత తేలింది. లోహాలున్న బురదలో అట్లాంటి సూక్ష్మజీవులు ఇంకా గట్టిపడతయని కూడా శాస్త్రం చెప్తున్నది. ఇదంతా ఇక్రిశాట్ పక్కన. 1972 నుంచి ప్రపంచ దేశాల మెట్ట నేలల గురించి పరిశోధన చేస్తున్న సంస్థ గోడ పక్కన.

నక్కవాగు కలిసినంక మంజీర ఘనపురం ఆనకట్ట దాటి, ఏడుపాయల దాటి, నిజాంసాగర్‌లోకి వస్తది. నిజాంసాగర్ 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిండ్రు. దాని నీళ్ళ మీదనే బోధన్ చెరుకు లేచింది, 1937లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడ్డ సంగతి, కార్మికుల బకాయిల సంగతి ఇక్కడ కూర్చున్న వాళ్ళకు మేము చెప్పాల్సిన పని లేదు. మేం చెప్పేది నిజాంసాగర్ కడుపు సంగతి. కట్టిన నాడు అందులో 29.7 టి.ఎం.సి.ల నీళ్ళు పట్టేవి. 1970ల నాటికి 11.8 మాత్రమే పట్టినయి. దాదాపు 18 టి.ఎం.సి.ల జాగాను మట్టి మింగింది. తరువాత గేట్లు ఎత్తు పెంచి 17.8 చేసిండ్రు. అంటే ఆ ప్రాజెక్టు నీళ్ళ ప్రాజెక్టు ఎంతో మట్టి ప్రాజెక్టు కూడా అంతే. శ్రీరాంసాగర్‌ది అదే కథ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిండు, 112 టి.ఎం.సి.లని లెక్క కట్టిండ్రు, ఇప్పుడు 80 దరిదాపుల్లో ఉంది.

ఇంజనీర్లకు ఈ పూడిక నష్టం. మాకు మాత్రం ఒక రిజిస్టరు లెక్క కనబడుతున్నది. బడిలో హాజరు పుస్తకం ఉన్నట్టే, ఏటేటా ఒక పొర. అడుగున 1931 నాటి మట్టి, ఆ పైన పటాన్‌చెరు పుట్టకముందు నాటి మట్టి, ఆ పైన పుట్టినంక వచ్చినది. పొడుగాటి గొట్టం దించి ఆ మట్టిని నిలువుగా తీసి, పొర పొర పరీక్ష చేసే విద్య ఉంది. పొర ఏ ఏటిదో కూడా మట్టిలోని సీసం-210, సీజియం-137 అనే అణుధార్మిక పదార్థాల లెక్కతో చెప్తరు. ఎవడు ఎప్పుడు ఏం కలిపిండో నది రాసిపెట్టుకుంది. కంపెనీ రికార్డులు కాలిపోవచ్చు, ఫైళ్ళు పోవచ్చు, ఈ రిజిస్టరును దిద్దుడు ఎవనితోని కాదు.

ఒకప్పుడు ఈ మట్టి అంతా సముద్రానికి పోయేది. గోదావరి రాజమండ్రి దాటి యానాం, కోరింగ వైపు తీసుకుపోయే ఒండ్రు 1970లలో ఉన్నదాంట్లో 1990ల నాటికి సగం కూడా లేదు. మధ్యలో కట్టలు పట్టుకున్నయి. కోరింగ మడ అడవుల దగ్గర, ఉప్పునీరు మంచినీరు కలిసే మొగల కాడ, సన్నటి మట్టి ముద్దలు కట్టి అడుగుకు దిగుతది. ఉప్పు తగిలితే మట్టికి అంటిన కాడ్మియం మళ్ళా ఊడి నీళ్ళల్లోకి వస్తది. అక్కడ బురదలో చేతులు పెట్టి గుల్లలు, పీతలు ఏరుకునే ఆడవాళ్ళు ఉన్నరు. వాళ్ళ ముచ్చట, మన ముచ్చట ఒకటే నదిది.

బురదలో కాలు పెట్టంగనే విషం ఒంటికి ఎక్కుతదా? లేదు. భయపెట్టడానికి మేము రాలేదు. ఈ లోహాలు చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. పోయేది చేతి నుంచి నోటికి, తిండి నుంచి కడుపుకు. బురద ఎండి దుమ్మయితే ముక్కుకు. పాకే పిల్ల నేల మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటది. సీసం అట్లనే పిల్లల మెదడుకు పోతది, ఇంతవరకు ఫర్వాలేదనే అంకె సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వరి సంగతి విచిత్రంగా ఉంటది. నీళ్ళు నిలిచిన మడిలో వరి పాషాణాన్ని ఎక్కువ గుంజుతది, నీళ్ళు తీసి ఆరబెట్టిన మడిలో కాడ్మియాన్ని గుంజుతది. పొగాకు మొక్క కూడా కాడ్మియాన్ని ఆకులోకి గుంజుకుంటది. బీడీ తాగేవాని ఒంట్లో తాగనివానికన్నా కాడ్మియం ఎక్కువ. ఆ తంబాకును దినమంతా చేతులతో ముట్టుకునే అక్కలు పని విడిచి చేతులు కడుక్కోకుండా అన్నం ముద్ద పెట్టుకోవద్దు. ఇది ఇవాళ ఇంటికి పోయి చేయగలిగిన పని.

జపాన్‌లో జింజు అనే నది ఉంది. పైన కమియోక గని. గని వదిలిన కాడ్మియం నది మట్టితో కలిసి కింద తొయామా జిల్లా వరి మడుల్లోకి చేరింది. ఆ బియ్యం తిన్న రైతు ఇండ్ల ఆడవాళ్ళకు, అదీ ఎక్కువగా నలుగురైదుగురు పిల్లల్ని కన్న నడివయసు తల్లులకు, మూత్రపిండాలు చెడి ఎముకలు మెత్తబడి, దగ్గితే కూడా విరిగినయి. వాళ్ళు "ఇతాయి, ఇతాయి" అని ఏడ్చేవాళ్ళు. నొప్పి, నొప్పి అని. రోగం పేరే అది అయింది. 1968లో ప్రభుత్వం గని కాడ్మియమే కారణమని ఒప్పుకుంది. తరువాత ఆ పొలాల మట్టిని మార్చే పని 1979లో మొదలుపెట్టి 2012 దాకా చేసిండ్రు. 860 హెక్టార్లకు పైగా. జపాన్ అంత డబ్బున్న దేశానికి, రెండు వేల ఎకరాల మట్టికి, ముప్పై మూడేండ్లు పట్టింది.

ఇక్కడ మన ప్రభుత్వాలు మట్టిని చూడనే లేదా? చూసినయి. 2015లో నేల ఆరోగ్య కార్డులు ఇచ్చిండ్రు. మీ ఇండ్లల్ల ఉంటే తీసి చదవండి. పన్నెండు అంశాలు ఉంటయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. పంటకు ఏం తక్కువైందో చెప్పే కార్డు అది. మనిషికి ఏం ఎక్కువైందో చెప్పదు. సీసం గడి లేదు, కాడ్మియం గడి లేదు, పాషాణం గడి లేదు. అదే ఏడు మార్చి 12న మన జిల్లా సదాశివనగర్‌లోనే మిషన్ కాకతీయ మొదలైంది (ఇప్పుడది కామారెడ్డి జిల్లా). చెరువుల పూడిక తీసి పొలాలకు తోలిండ్రు. మంచి పనే, మేము కాదనం. చెరువు మట్టి బలమైనదని మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. పట్నం మురుగు, కార్ఖానా మురుగు కలవని ఊరి చెరువు మట్టిని ఇవాళ కూడా ధైర్యంగా తోలుకోండి. కాని అన్ని చెరువులూ అట్లాంటివేనా? తోలే ముందు అడగాలె గదా?

పటాన్‌చెరు కేసులో పరిహారం అనే మాట వచ్చినప్పుడు ఎకరాల లెక్కన వచ్చింది. పట్టా ఉన్నవాని పొలం పాడైతే ఎకరాకు ఇంత. ఆ పొలంలో పనిచేసి బతికే కూలిమనిషికి ఎకరం లేదు, కాబట్టి నష్టం కూడా లేదన్నట్టు. ఎండకాలం ప్రాజెక్టు నీళ్ళు దిగినంక శిఖంలో దోస, పుచ్చ పెట్టుకునేవానికి పట్టా ఉండదు. చేపలు పట్టేవానికి ఉండదు. నాట్లేసే ఆమెకు ఉండదు. రేపు మన బురదలో విషం ఉందని తేలినా పరిహారం కాగితం మీద మన పేర్లు ఉండవు. అందుకే ముందుగానే బురదలో దిగేవాళ్ళ పట్టిక వాడవాడలో రాసిపెట్టుకోవాలని మేమంటున్నం. పేరు, వయసు, ఏ పని, ఎన్నేండ్ల నుంచి.

ఎదురు మాట కూడా వినాలె. కొందరు చదువుకున్న మిత్రులు మాతో అన్నరు, మంజీర నల్లరేగడి దేశం నుంచి వస్తది, ఆ నల్లరాతి మట్టిలోనే రాగి, నికెల్, క్రోమియం సహజంగా కొంత ఎక్కువ, అంతా కంపెనీల మీద వేయొద్దని. సరైన మాట. అందుకే నక్కవాగు కలవకముందు మట్టి, కలిసినంక మట్టి రెండూ తీయాలె. పాత పొర, కొత్త పొర రెండూ చూడాలె. తేడానే సాక్ష్యం. ఇంకొక మాట, అన్నీ పైనుంచే రావు. భాస్వరం ఎరువుల్లో కాడ్మియం కొంత ఉంటది. పసుపు చేన్ల మీద కొట్టే రాగి మందు మట్టిలోనే నిలుస్తది. పాత ఇన్వర్టర్ బ్యాటరీలు వాగు ఒడ్డున పగలగొట్టి సీసం తీసే పని మన పిల్లలే చేస్తున్నరు, అది వెంటనే ఆపాలె. చక్కెర, సారా కార్ఖానాల మురుగులో లోహం తక్కువే గాని, అది ఏ నదిలో కలిసినా నీళ్ళల్లోని ప్రాణవాయువును తాగేస్తది. ప్రాణవాయువు లేని బురదలో ఇనుప తుప్పు కరిగి, దానికి అంటి ఉన్న పాషాణం విడివడి పైకి వస్తది. కంపు కొట్టే మురికి, కంపు కొట్టని విషానికి తలుపు తీస్తదన్నమాట.

ఇప్పుడు పని సంగతి. వచ్చే ఎండకాలం నీళ్ళు దిగినప్పుడు మట్టి తీద్దాం. మొదటిది నక్కవాగు కలవకముందు మంజీర, రెండవది కలిసినంక, మూడవది నిజాంసాగర్‌లోకి నది దిగే కాడ, నాలుగవది కందకుర్తిలో మంజీర గోదావరిలో కలిసే కాడ, అయిదవది మన కప్పలవాగు. కప్పలవాగు ఎందుకంటే పోల్చుకోవడానికి. ఇసుక వద్దు, మెత్తటి బురదే కావాలె. పైన నాలుగు వేళ్ళ మందం తీస్తే చాలు. పారతో తీయొద్దు, గంటెతో తీయొద్దు, ఇనుము తగిలితే లెక్క చెడుతది. ప్లాస్టిక్ చెంచాతో తీసి కొత్త పాలిథిన్ సంచిలో వేసి, ఊరు, తేదీ, ఎంత లోతు, ఎవరు తీసిండ్రు అని చీటీ రాసి సంచి బయట కట్టాలె. ఒక్కో చోట మూడు సంచులు. ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలకు, ఒకటి యూనివర్సిటీకి, ఒకటి మన దగ్గర. ఫలితం ఏదొచ్చినా తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటిద్దాం, బాగుందని వచ్చినా సరే.

కందకుర్తికి పోయేటోళ్ళు పేర్లు ఇవ్వండి. ఆడవాళ్ళు సగం ఉండాలె. చీటీలు రాయడానికి పదో తరగతి పిల్లలు ఇద్దరు కావాలె.